పాత కోర్ 2 డుయో, రాత్రిపూట పడిపోయే కెర్నెల్: ప్రాజెక్టు డైరీ

శనివారం: ఉన్న పరిస్థితి

బల్ల మీద ఉన్నది 2007 నాటి డెస్క్‌టాప్. ఇంటెల్ కోర్ 2 డుయో, 965 చిప్‌సెట్ బోర్డు, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్ స్టిక్కులు రెండు. బయాస్ (యంత్రాన్ని మొదట లేపే బోర్డు ప్రోగ్రామ్) పాతకాలందే, దాని కొత్త రూపమైన యూఈఎఫ్ఐ లేదు. దీన్ని ఇంకా వాడుతున్నానంటే కారణం లోపలున్న డేటా సేకరణ కార్డు. అది పాత పీసీఐ స్లాట్‌లో తప్ప కూర్చోదు. ఇప్పుడొచ్చే బోర్డుల్లో ఆ స్లాట్ దాదాపు కనబడదు. కార్డు చక్కగా పనిచేస్తోంది, దాని డ్రైవర్ కెర్నెల్‌తోనే (ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ను నడిపే మూల భాగం) వస్తుంది, సెన్సర్ల రీడింగులు సవ్యంగా డిస్కుకు చేరుతున్నాయి. యంత్రం మీద డెబియన్ 12 లినక్స్, కెర్నెల్ 6.1.

ఇబ్బంది రాత్రిపూట వస్తోంది. బ్యాకప్ నడుస్తూ ఉండగా కెర్నెల్ పడిపోతోంది. తెల్లారి చూస్తే యంత్రం రీబూట్ అయి, ఏమీ జరగనట్టు లాగిన్ తెర చూపిస్తుంది. సిస్టమ్ లాగ్ అయిన జర్నల్‌లో బ్యాకప్ మొదలైన కాసేపటికి రాత ఆగిపోతుంది, అంతే. కెర్నెల్‌లో ఊప్స్ (తన కోడ్‌లో తప్పు జరిగినప్పుడు కెర్నెల్ రాసే నివేదిక) వస్తే వెంటనే ప్యానిక్ అయ్యి, అంటే పూర్తిగా ఆగిపోయి, పది సెకన్లలో రీబూట్ అయ్యేలా పెట్టి ఉంచాను. పాడైన మెమరీతో నడుస్తున్న కెర్నెల్ నా రీడింగులను డిస్కు మీద రాయడం నాకు ఇష్టం లేదు. ఆ సెట్టింగ్ వల్ల చివరి క్షణంలో కెర్నెల్ చెప్పిన మాటలు డిస్కు దాకా రావు.

పగలు ఎంత పని చెప్పినా పడట్లేదు. కంపైల్ చేయించాను, వీడియో ఆడించాను, పెద్ద ఫైళ్ళు అటూ ఇటూ కాపీ చేశాను. చలించలేదు.

ముందుగా కళ్ళతో, చేత్తో చూడగలిగినవి చూసేశాను. దుమ్ము తుడిచాను. బోర్డు మీది కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో టార్చి వేసి ఒక్కొక్కటే చూశాను. 2000ల మొదటి సగంలో తయారైన బోర్డుల్లో ఎలక్ట్రోలైట్ నాసిరకం కెపాసిటర్లు ఉబ్బి కారిపోవడం చాలా మామూలు, ఆ జబ్బు 2007 దాకా వచ్చిన బోర్డుల్లోనూ కనబడింది. ఇందులో అన్నీ చదునుగానే ఉన్నాయి. మల్టీమీటర్‌తో పవర్ సప్లై చూశాను: 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి, 5 వోల్టులది 4.75 నుంచి 5.25 మధ్య. లోడ్ పెట్టి చూసినా రెండూ హద్దుల్లోనే నిలిచాయి. పవర్ సప్లై మీద ప్రస్తుతానికి అనుమానం తీసేశాను.

ఆదివారం: సీరియల్ పోర్టు

కొత్త యంత్రాల్లో అయితే పడిపోయే ముందు కెర్నెల్ తన లాగ్‌ను యూఈఎఫ్ఐ వేరియబుల్స్‌లోనో బోర్డు ఫర్మ్‌వేర్ ఏసీపీఐ ద్వారా ఇచ్చే నిల్వలోనో దాచుకుంటుంది, రీబూట్ అయ్యాక పీస్టోర్ అనే కెర్నెల్ సదుపాయం ద్వారా తీసుకోవచ్చు. ఇక్కడ ఆ రెండూ లేవు. ర్యామ్‌లోనే ఒక మూల దాచే పద్ధతి ఉన్నా, ఈ బయాస్ బూట్ అవుతూ మెమరీ మొత్తం తుడిచేస్తుంది.

కానీ పాత యంత్రాలకు ఒక గొప్ప సుఖం ఉంది. నిజమైన సీరియల్ పోర్టు. ఎడాప్టర్ కాదు, చిప్‌సెట్‌కు దగ్గరగా కూర్చున్న అసలు సిసలు యూఆర్ట్ (సీరియల్ పోర్టును నడిపే చిప్పు). దాంట్లోకి రాయడానికి కెర్నెల్‌కు డిస్కు అక్కర్లేదు, నెట్‌వర్క్ అక్కర్లేదు, ఇంటరప్టులు (పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలు) కూడా అక్కర్లేదు. ఒక్కో అక్షరాన్నీ రిజిస్టర్‌లోకి తోస్తే చాలు. అందుకే మిగతా దారులన్నీ మూసుకుపోయాక కూడా సీరియల్ కన్సోల్ మాట్లాడుతూనే ఉంటుంది.

తొమ్మిది పిన్నుల నల్ మోడెమ్ కేబుల్ తీసుకున్నాను. అందులో 2, 3 పిన్నులు అడ్డంగా మారి ఉంటాయి, 5వది గ్రౌండ్. అటు చివర ల్యాప్‌టాప్‌కు కలిపి, కెర్నెల్ బూట్ లైనులో మొదటి సీరియల్ పోర్టును 115200 వేగంతో కన్సోల్‌గా చేర్చాను. ఆ వేగంలో ఒక్కో అక్షరానికి స్టార్ట్, స్టాప్ బిట్లు కలిపి పది బిట్లు పోతాయి కాబట్టి సెకనుకు 11520 అక్షరాలు వస్తాయి. ఊప్స్ మొత్తం ఒక సెకను లోపే బయటికి వచ్చేస్తుంది. కన్సోల్ లాగ్ స్థాయి కూడా పెంచాను, లేకపోతే ముఖ్యమైన వరుసలు బయటికి రాకుండా లోపలే ఉండిపోతాయి.

ల్యాప్‌టాప్ టెర్మినల్‌ను ఫైల్‌లోకి రాసేలా పెట్టి పడుకున్నాను.

బుధవారం: మొదటి ఊప్స్ చేతికొచ్చింది

రాత్రి పడింది, ల్యాప్‌టాప్‌లో అంతా ఉంది. చదివిన క్రమంలోనే రాస్తున్నాను.

మొదట టెయింట్ వరుస చూశాను, కెర్నెల్ మీద నమ్మకాన్ని తగ్గించే సంగతులేమైనా జరిగాయా అని చెప్పేది అదే. బయటి మాడ్యూల్స్ లేవు. మెషిన్ చెక్ (ప్రాసెసర్ స్వయంగా పట్టుకున్న హార్డ్‌వేర్ తప్పు) జరిగిందని చెప్పే గుర్తు లేదు, పాడైన పేజీ గుర్తూ లేదు. తర్వాత ఎక్కడ పడిందో చూశాను. డెంట్రీ క్యాష్‌లో (ఫైళ్ళ పేర్లను కెర్నెల్ గుర్తుంచుకునే చోటు, అందులో ఒక్కో పేరు ఒక డెంట్రీ) పేరు వెతికే ఫంక్షన్, దాని పేరు డీ-లుకప్-ఆర్‌సీయూ. ఏదైనా ఫైలు పేరు చెప్పగానే కెర్నెల్ ముందు తన జ్ఞాపకంలో ఆ పేరు ఉందేమో ఇక్కడే వెతుకుతుంది. బ్యాకప్ ప్రోగ్రామ్ లక్షల పేర్లు అడుగుతుంది కాబట్టి ఇక్కడ పడటంలో వింత లేదు.

వింతంతా అడ్రస్‌లో ఉంది. సీఆర్2 రిజిస్టర్‌లో, అంటే చదవబోయి తప్పిన అడ్రస్‌గా, హెక్స్‌లో (పదహారు ఆధారంగా రాసే అంకెల్లో) ఇలా ఉంది: ముందంతా సున్నాలు, చివర 3, దాని పక్కన ఐదు ఎఫ్‌లు, ఆఖరున సి. చూడగానే చెత్త విలువ అనిపిస్తుంది. కానీ పడిన ఇన్‌స్ట్రక్షన్ విప్పి చూస్తే అది ఒక పాయింటర్‌కు (ఇంకో చోటి అడ్రస్ దాచిన విలువకు) నాలుగు బైట్ల వెనకనుంచి చదువుతోంది. డెంట్రీ స్ట్రక్చర్‌లో సీక్వెన్స్ అంకె, గొలుసు లింకు (తర్వాతి డెంట్రీని చూపే పాయింటర్) కంటే సరిగ్గా నాలుగు బైట్లు ముందు ఉంటుంది. అంటే ఆ అడ్రస్‌కు నాలుగు కలపాలి. కలిపితే 4000000. రిజిస్టర్ల వరుసలోనూ ఒకదాంట్లో అదే అంకె కూర్చుని ఉంది.

హెక్స్‌లో 4000000 అంటే 64 బిట్లలో ఒకే ఒక్క బిట్ వెలిగి ఉండటం. కింది నుంచి సున్నాతో మొదలుపెట్టి లెక్కిస్తే 26వ బిట్. ఈ పాయింటర్ ఖాళీగా, అంటే పూర్తిగా సున్నాగా, ఉండి ఉంటే వెతుకులాట "ఇక్కడ ఎవరూ లేరు" అని వెనక్కి వచ్చేసేది. ఒక్క బిట్ వెలిగినందుకు అక్కడ ఎవరో ఉన్నారనుకుని కెర్నెల్ లోపలికి అడుగుపెట్టింది.

ఒక్క బిట్ తేడా కనిపించగానే ర్యామ్ అనేయాలనిపిస్తుంది. అయినా ఆగాను. ఒక ఫ్లాగ్ బిట్‌ను తప్పు చోట వెలిగించే సాఫ్ట్‌వేర్ లోపం కూడా సరిగ్గా ఇలాంటి అంకెనే వదిలిపోతుంది. పైగా తర్వాతి రాత్రి మళ్ళీ పడినప్పుడు సీరియల్‌లో వచ్చింది అదే ఫంక్షన్, అదే స్టాక్ (ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలిచిన వరుస), అదే అంకె. ర్యామ్ పాడైతే ఒక్కోసారి ఒక్కో చోట పడాలని, ప్రతిసారీ ఒకే చోట పడితే అది కోడ్‌లో లోపమని మనలో చాలామందికి ఒక నమ్మకం. ఫైల్ సిస్టమ్ పరీక్ష చేయించాను, శుభ్రంగా ఉంది. పాత కెర్నెల్‌తో బూట్ చేశాను, అక్కడా అదే ఫంక్షన్‌లో పడింది.

ఇక ఊప్స్ పాఠం సరిపోదు. ఆ పాయింటర్ ఏ మెమరీ గదిలోంచి వచ్చిందో తెలియాలంటే మెమరీ మొత్తం కావాలి. డంప్, అంటే మెమరీ నకలు, తీయాల్సిందే.

శనివారం: కెడంప్ బిగించడం

పడిపోయిన కెర్నెల్ మెమరీని డంప్‌గా తీసే కెడంప్ పద్ధతి 2005లో, 2.6.13 కెర్నెల్‌తో వచ్చింది. ఆలోచన చాలా నచ్చుతుంది నాకు. పడిపోయిన కెర్నెల్‌ను నమ్మి దాని చేత డిస్కు మీద రాయించడం ప్రమాదం. అందుకని బూట్ అయ్యేటప్పుడే కొంత మెమరీ పక్కన పెట్టి, అందులో రెండో కెర్నెల్‌ను లోడ్ చేసి ఉంచుతారు. మొదటిది పడగానే బయాస్ దాకా వెళ్ళకుండా నేరుగా రెండోదానిలోకి దూకుతుంది. మధ్యలో ఎవరూ మెమరీని తుడవరు. రెండో కెర్నెల్ తన చిన్న జాగాలోనే బతుకుతూ, పాత మెమరీ మొత్తాన్ని విఎంకోర్ అనే ఒక ఫైల్‌లా చూపిస్తుంది. దాన్ని మేక్‌డంప్‌ఫైల్ అనే పనిముట్టు వడకట్టి, కుదించి డిస్కుకు రాస్తుంది.

రెండో కెర్నెల్‌కు మెమరీ పక్కన పెట్టే క్రాష్‌కెర్నెల్ పారామీటర్‌కు 128 ఎంబీ ఇచ్చి మొదలుపెట్టాను. డంప్ కెర్నెల్ లేచింది, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (బూట్‌కు కావలసిన డ్రైవర్ల మూట) విప్పుతుండగా మెమరీ చాలక ఆగింది. 256 చేశాను. బూట్ అయ్యాక సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ తన స్థితిని ఫైళ్ళలా చూపే చోట) క్రాష్ సైజు 268435456 అని, లోడ్ అయిందా అన్నదానికి 1 అని చూపించింది. ఈ రెండూ చూడకుండా "కెడంప్ పెట్టాను" అనుకోవడం మంచిది కాదు. సర్వీస్ ఆకుపచ్చగా కనబడుతున్నా లోపల లోడ్ కాకుండా ఉండొచ్చు.

ఇక పరీక్ష. డిస్కులన్నీ సింక్ చేసి, కెర్నెల్‌కు నేరుగా ఆజ్ఞలిచ్చే సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్‌లోకి సి అక్షరం పంపాను. కావాలని కెర్నెల్‌ను పడగొట్టే పద్ధతి అది. మానిటర్ తెర ఉన్నచోటే గడ్డకట్టింది. పాత గ్రాఫిక్స్ కార్డును ఎవరూ రీసెట్ చేయలేదు కాబట్టి తెర మీద ఏమీ రాదు. చాలామంది ఇక్కడే పవర్ బటన్ నొక్కేస్తారు. సీరియల్ కేబుల్ ఉంది కాబట్టి లోపల ఏం జరుగుతోందో కనబడింది. రెండో కెర్నెల్ లేచి చకచకా వరుసలు రాస్తూ, డిస్కు వెతికే చోట ఆగింది. కాసేపటికి ఈ వరుస వచ్చింది: ఐఆర్‌క్యూ 19ని ఎవరూ పట్టించుకోలేదు, ఐఆర్‌క్యూపోల్ పెట్టి బూట్ చేసి చూడండి. తర్వాత ఆ ఐఆర్‌క్యూని, అంటే ఆ ఇంటరప్ట్ లైనును, ఆపేస్తున్నట్టు ఇంకో వరుస. డిస్కు కంట్రోలర్ కూడా అదే లైను మీద ఉంది.

పాత హార్డ్‌వేర్ మీద కెడంప్ ఎందుకు మొరాయిస్తుందో ఇక్కడ బాగా అర్థమవుతుంది, అందుకే వివరంగా రాస్తున్నాను. పీసీఐలో నాలుగైదు పరికరాలు ఒకే ఇంటరప్ట్ లైను పంచుకుంటాయి. ఆ లైను లెవెల్ పద్ధతిది. అంటే పరికరం తన పని ఎవరో ఒకరు చూసేదాకా లైనును పట్టి ఉంచుతుంది. మామూలు రీబూట్‌లో బయాస్ అన్నిటినీ రీసెట్ చేస్తుంది. కెడంప్‌లో బయాసే రాదు. మొదటి కెర్నెల్ పడే సమయానికి నా డేటా కార్డు రీడింగు పంపే మధ్యలో ఉంది, లైను పట్టుకుని "నన్ను చూడండి" అంటోంది. డంప్ కెర్నెల్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో దాని డ్రైవర్ లేదు. ఎవరూ చూడట్లేదు. లక్ష ఇంటరప్టుల్లో 99900 కంటే ఎక్కువ అనాథగా పోతే కెర్నెల్ ఆ లైనునే మూసేస్తుంది. పక్కనే ఉన్న డిస్కు కంట్రోలర్‌కు కూడా దాంతో మాట పడిపోయింది.

దీనికి రెండు మందులు ఉన్నాయి. ఒకటి, డంప్ కెర్నెల్ బూట్ లైనులో ఐఆర్‌క్యూపోల్, రీసెట్-డివైసెస్ ఉంచడం. ఐఆర్‌క్యూపోల్‌తో, ఎవరూ పట్టించుకోని ఇంటరప్ట్ వస్తే కెర్నెల్ మిగతా హ్యాండ్లర్లన్నిటినీ అడిగి చూస్తుంది. రీసెట్-డివైసెస్ డ్రైవర్లకు "నీ పరికరం ఏ స్థితిలో ఉందో తెలియదు, ముందు రీసెట్ చేయి" అని చెప్తుంది. ఇంకో మందు, అల్లరి చేస్తున్న కార్డు డ్రైవర్‌ను డంప్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో చేర్చడం. డ్రైవర్ లేవగానే కార్డును నోరు మూయిస్తుంది. డంప్ కోసం ఏమాత్రం అవసరం లేని డ్రైవర్‌ను డంప్ కోసమే చేర్చాల్సి రావడం మొదట విడ్డూరంగా ఉంటుంది. నేను రెండూ చేశాను. ప్రాసెసర్లు ఒకటే వాడేలా కూడా పెట్టాను, రెండో కోర్ ఏ స్థితిలో ఆగిపోయిందో తెలియని చోట దాన్ని లేపకపోవడమే క్షేమం.

ఈసారి డిస్కు దొరికింది, డంప్ రాయడం మొదలైంది, సగంలో యంత్రం రీబూట్ అయిపోయింది. సీరియల్‌లో ప్యానిక్ లేదు, తప్పు లేదు. ఉన్నట్టుండి బయాస్ తెర. ఇంత నిశ్శబ్దంగా రీసెట్ చేసేది హార్డ్‌వేర్ వాచ్‌డాగే, ఎవరూ తట్టకపోతే యంత్రాన్ని రీసెట్ చేసే టైమర్ అది. చిప్‌సెట్‌లోని సౌత్‌బ్రిడ్జ్‌లో ఉండే టీసీఓ వాచ్‌డాగ్‌ను మొదటి కెర్నెల్‌లో, సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ మొదలుపెట్టింది. కెర్నెల్ పడినా టైమర్ నడుస్తూనే ఉంటుంది, దాన్ని తట్టేవాళ్ళు డంప్ కెర్నెల్‌లో లేరు. డంప్ పని తేలేదాకా సిస్టమ్‌డీలో వాచ్‌డాగ్ ఆపేశాను.

తర్వాతి పరీక్షకు డంప్ ఫైల్ మొత్తం వచ్చింది. మేక్‌డంప్‌ఫైల్‌కు వడపోత స్థాయి 31 ఇచ్చాను. సున్నా పేజీలకు 1, క్యాష్ పేజీలు రెండు రకాలకు 2, 4, యూజర్ పేజీలకు 8, ఖాళీ పేజీలకు 16. అన్నీ కలిపితే 31. నాకు కావలసిన డెంట్రీ పట్టిక కెర్నెల్ సొంత డేటా కాబట్టి ఈ వడపోతలో పోదు. నాలుగు జీబీ మెమరీ కొన్ని వందల ఎంబీల్లో ఇమిడింది.

మంగళవారం: డంప్ విప్పడం

అసలు పడటం కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. రాత్రి పడింది, పొద్దున క్రాష్ డైరెక్టరీలో ఫైల్ సిద్ధంగా ఉంది. కెర్నెల్ డీబగ్ సింబల్స్ (అడ్రస్‌లను కోడ్‌లోని పేర్లతో కలిపే సమాచారం) ప్యాకేజీ ముందే వేసి ఉంచాను. సరిగ్గా అదే వెర్షన్, అదే బిల్డ్ సింబల్స్ ఉండాలి, పక్క బిల్డ్ పనికిరాదు.

డంప్‌ను చదివే క్రాష్ పనిముట్టులో ముందు లాగ్, తర్వాత బీటీ (స్టాక్ చూపే కమాండ్). సీరియల్‌లో వచ్చినదే. ఇక డంప్ మాత్రమే చెప్పగలిగేది అడిగాను: డెంట్రీ హ్యాష్ పట్టిక ఎక్కడ మొదలవుతుంది, ఆ 4000000 ఏ గదిలోంచి వచ్చింది.

ఈ పట్టిక గురించి కొంచెం. బూట్ మొదట్లోనే కెర్నెల్ దీన్ని ఒకే పెద్ద ముక్కగా కేటాయిస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉంటే 524288 గదులు, ఒక్కో గది 8 బైట్లు, మొత్తం 4 ఎంబీ. బూట్ లాగ్‌లో ఈ అంకెలు అచ్చంగా కనబడతాయి. ఫైలు పేరును హ్యాష్ చేస్తే, అంటే లెక్కకట్టి ఒక అంకెగా మారిస్తే, గది నంబరు వస్తుంది, ఆ గదిలో గొలుసు మొదటి డెంట్రీ పాయింటర్ ఉంటుంది.

రిజిస్టర్ల నుంచి గది అడ్రస్ పట్టుకుని, ఆర్‌డీ కమాండ్‌తో ఆ చుట్టుపక్కల మెమరీ చూశాను. ఎడమ గదిలో సరైన కెర్నెల్ పాయింటర్, కుడి గదిలో సున్నా, మధ్యలో 4000000. పక్క గదులు చెక్కుచెదరలేదు. గతి తప్పిన కోడ్ ఏదో అటు రాసి ఉంటే సాధారణంగా ఒక బైట్ కంటే ఎక్కువే చెడగొడుతుంది. ఇక్కడ 524288 గదుల పట్టికలో ఒక గదిలో, ఆ గది 64 బిట్లలో ఒక బిట్.

వర్చువల్ (కెర్నెల్ వాడే) అడ్రస్‌ను ఫిజికల్‌గా (మెమరీలో అసలు చోటుగా) మార్చే వీటాప్ కమాండ్ ఇచ్చాను. పట్టిక ఫిజికల్ మెమరీలో హెక్స్ 127400000 దగ్గర మొదలైంది, చెడిన గది 127493580. తీసివేస్తే 93580, ఎనిమిదితో భాగించి దశాంశంలోకి మారిస్తే గది నంబరు 75440. నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

శుక్రవారం: రెండో డంప్

మళ్ళీ పడింది. ఈ డంప్‌లో వర్చువల్ అడ్రస్‌లు పూర్తిగా వేరు, ఎందుకంటే ప్రతి బూట్‌కూ కెర్నెల్ తన అడ్రస్‌ల స్థావరాన్ని మార్చేసుకుంటుంది. వెతుకుతున్న ఫైలు పేరు కూడా వేరు. పేరుతో పాటు తల్లి డైరెక్టరీ డెంట్రీ అడ్రస్‌ను కూడా కలిపి హ్యాష్ చేస్తారు కాబట్టి అదే ఫైలు ప్రతి బూట్‌లోనూ వేరే గదికి వెళ్తుంది. అన్నీ మారాయి. వీటాప్ ఇచ్చాను: 127493580. గది 75440. విలువ 4000000.

ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌కు ఫిజికల్ అడ్రస్ మీద ఇంత పట్టుదల ఉండదు.

ప్రతిసారీ ఒకే ఫంక్షన్‌లో ఎందుకు పడుతోందో కూడా దీంతో తేలిపోయింది. బూట్ మొదట్లో జరిగే కేటాయింపులు ఒకే కెర్నెల్, ఒకే మెమరీ మ్యాప్ ఉన్నప్పుడు ఒకే వరుసలో జరుగుతాయి, పై అడ్రస్‌ల నుంచి కిందికి. కాబట్టి ఆ 4 ఎంబీ పట్టిక ప్రతి బూట్‌లోనూ అదే ఫిజికల్ జాగాలో పడుతోంది. చెడిన మెమరీ సెల్ కూడా కదలదు. పాడైన ర్యామ్ చోటు మార్చి మార్చి పడేస్తుందనే నమ్మకం, బూట్ తర్వాత ఇష్టమొచ్చినట్టు కేటాయించే పేజీల విషయంలో నిజం. బూట్‌లోనే స్థిరపడిపోయే పెద్ద పట్టికల విషయంలో నిజం కాదు. ఈ డైరీ రాయడానికి అసలు కారణం ఈ ఒక్క సంగతే. ఒకే స్టాక్ ట్రేస్ మళ్ళీ మళ్ళీ వచ్చిందని హార్డ్‌వేర్‌ను నిర్దోషిగా వదిలేయకండి. దీనికి తిరగేసిన పరిస్థితి కూడా ఉంది. కెర్నెల్ వెర్షన్ మార్చాక పట్టిక కాస్త జరిగిందంటే క్రాషులు మాయమవుతాయి. అప్పుడు "పాత కెర్నెల్‌లో బగ్, కొత్తదాంట్లో పోయింది" అనుకుని నిశ్చింతగా ఉంటాం. చెడిన సెల్ ఈసారి ఏ ఫైలు పేజీ కింద ఉందో ఎవరూ చూడరు.

బ్యాకప్ రాత్రులే ఎందుకు అన్నదానికి లెక్క చేసి చూశాను. పగటి వాడకంలో ఓ ఐదు వేల వేర్వేరు పేర్లు అడిగితే, అందులో ఏదో ఒకటి సరిగ్గా 75440కి వెళ్ళే అవకాశం ఒక శాతం దగ్గర. బ్యాకప్ ఐదు లక్షల పైచిలుకు పేర్లు అడుగుతుంది. పేర్లు గదులంత ఉంటే ఆ అవకాశం 63 శాతం. కొన్ని రాత్రులు బాగా గడిచిపోవడం, చాలా రాత్రులు పడటం, ఈ అంకెతో అతికినట్టు సరిపోయింది. బిట్ ఎప్పుడో సాయంత్రమే తిరగబడి ఉంటుంది, ఆ తలుపు తట్టేవాడు వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

ఇంకో చిన్న సంగతి. కొత్త ప్రాసెసర్లలో స్మాప్ అనే రక్షణ ఉంటుంది, కెర్నెల్ పొరపాటున యూజర్ అడ్రస్ చదవబోతే ఆపేస్తుంది. కోర్ 2లో అది లేదు. 4000000 అనేది యూజర్ ప్రోగ్రాముల పరిధిలోని అడ్రస్. ఆ సమయంలో నడుస్తున్న ప్రోగ్రామ్‌కు అక్కడ మెమరీ ఉండి ఉంటే కెర్నెల్ కిక్కురుమనకుండా దాన్ని డెంట్రీ అనుకుని చదివేసేది. పడిపోవడమే మేలైంది.

ఆదివారం: ర్యామ్ పరీక్ష

మెమ్‌టెస్ట్86 ప్లస్, 2022లో వచ్చిన 6.00 తర్వాతి వెర్షన్. క్యాబినెట్ తెరిచి, చల్లగా ఉన్న యంత్రం మీద ఒక పూర్తి చుట్టు తిప్పాను. ఒక్క తప్పూ లేదు. ఇక్కడితో ఆపితే ర్యామ్ బాగుందని రాసుకోవాల్సి వచ్చేది.

డీర్యామ్ సెల్ అంటే ఒక బుల్లి కెపాసిటర్. దాని చార్జ్ కారిపోతూ ఉంటుంది కాబట్టి ప్రతి 64 మిల్లీసెకన్లకోసారి వరుసలన్నిటినీ చదివి తిరిగి రాయాలి, దాన్నే రిఫ్రెష్ అంటారు. వేడి పెరిగేకొద్దీ చార్జ్ వేగంగా కారుతుంది. అందుకే చిప్పు వేడి 85 డిగ్రీలు దాటితే ఆ గడువును సగానికి తగ్గించమంటారు. బలహీనమైన సెల్ చల్లగా ఉన్నప్పుడు గడువు లోపల నిలబడుతుంది, వేడెక్కాక నిలబడదు. కొన్ని సెల్స్ ఇంకా చిక్కు. ఒకప్పుడు చార్జ్ బాగా నిలుపుతాయి, కాసేపటికి నిలపలేవు. చార్జ్ పోతే 1 కాస్తా 0 కావాలి కదా, ఇక్కడ 0 కాస్తా 1 అయిందేమిటని సందేహం రావచ్చు. చిప్పుల్లో సగం చోట్ల తిరగేసిన సెల్స్ ఉంటాయి, వాటిలో చార్జ్ ఉంటే 0, పోతే 1. ఒకసారి తిరగబడ్డాక రిఫ్రెష్ ఆ తప్పు విలువనే నిష్ఠగా కాపాడుతూ ఉంటుంది.

క్యాబినెట్ మూశాను. బ్యాకప్ సమయంలో ఉండేంత వేడి వచ్చేదాకా నడిపి, బిట్ ఫేడ్ పరీక్ష ఒక్కటే ఎంచుకున్నాను. మెమరీ మొత్తం ఒకే విలువతో నింపి, కొన్ని నిమిషాలు ఏమీ చేయకుండా ఆగి, తర్వాత సరిచూస్తుంది. ఎర్ర వరుస వచ్చింది. అడ్రస్ 127493580. ఉండాల్సింది 0, ఉన్నది 4000000. డంప్ చూపిన అడ్రసే.

ఏ స్టిక్ అన్నది అడ్రస్‌ను బట్టి నేరుగా చెప్పలేం. డ్యూయల్ చానల్‌లో వరుస అడ్రస్‌లు రెండు స్టిక్కుల మధ్య పంచబడి ఉంటాయి. అందుకని ఒక్కోదాన్నీ విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి అదే వేడిలో అదే పరీక్ష చేశాను. ఒకటి ఎంతసేపు నడిపినా శుభ్రం. రెండోదాంట్లో తప్పు వచ్చింది, అడ్రస్ మారింది, బిట్ మాత్రం అదే 26. డేటా బస్ 64 బిట్లు, ఒక్కో చిప్పు 8 బిట్లు మోస్తుంది. 24 నుంచి 31 దాకా బిట్లు నాలుగో చిప్పువి. స్టిక్ మీద ఆ చిప్పును వేలితో చూపించగలగడం నాకు చాలా తృప్తినిచ్చింది. ఫైల్ సిస్టమ్‌లో లోపం అనుకున్నది చివరికి వేలి గోరంత నల్లటి ముక్క దగ్గర తేలింది.

సోమవారం: ఏం చేయాలి

ఒక్క బిట్ కోసం 2 జీబీ స్టిక్ పక్కన పెట్టక్కర్లేకుండా, ఆ జాగాను వాడొద్దని కెర్నెల్‌కు చెప్పొచ్చు. ముందు అదే చేసి చూశాను. మెమ్‌మ్యాప్ పారామీటర్‌తో 127490000 నుంచి 64 కేబీ రిజర్వ్ చేయించాను. ఇందులో సైజుకూ అడ్రస్‌కూ మధ్య డాలర్ గుర్తు వస్తుంది. కెర్నెల్‌ను లోడ్ చేసే గ్రబ్ కాన్ఫిగరేషన్‌లో దాని ముందు బ్యాక్‌స్లాష్‌లు పెట్టకపోతే గ్రబ్ దాన్ని తన వేరియబుల్ అనుకుని మింగేస్తుంది. బూట్ అయ్యాక కెర్నెల్‌కు నిజంగా ఏ లైను అందిందో ప్రాక్ కింద కమాండ్‌లైన్ ఫైల్‌లో చూసి నిర్ధారించుకోవాలి. మెమరీ మ్యాప్ చూపే ఐఓమెమ్ ఫైల్‌లో ఆ 64 కేబీ రిజర్వ్‌గా కనబడింది. డెంట్రీ పట్టిక వేరే చోటికి జరిగింది. బ్యాకప్‌లు పడకుండా పూర్తయ్యాయి.

అయినా ఆ స్టిక్‌ను ఉంచుకోలేదు. ఒక సెల్ బలహీనపడిన చిప్పులో పక్కవి కూడా అదే బాటలో ఉండొచ్చు, వేసవిలో ఇంకోటి తిరగబడితే అది ఈసారి నా రీడింగుల ఫైల్ మధ్యలో పడొచ్చు. ఈసీసీ (మెమరీ తప్పులను పట్టుకునే ఏర్పాటు) లేని బోర్డు మీద దాన్ని పట్టుకునే దారి లేదు. కెర్నెల్ పాయింటర్ చెడితే కనీసం పడిపోయి చెబుతుంది. కొలతల్లో ఒక అంకె చెడితే ఎవరూ చెప్పరు. ఇంకో యంత్రంలోనో, ఇంకెవరి దగ్గరో ఈ స్టిక్ మళ్ళీ తేలకుండా దాని మీద మార్కర్‌తో "26వ బిట్, వేడిలో" అని రాసి విడిగా పెట్టాను. మంచి స్టిక్‌తో 2 జీబీ మీద యంత్రం నడుస్తోంది, చేసే పనికి అది సరిపోతుంది.

కెడంప్‌ను మాత్రం తీయలేదు. 2 జీబీలో 256 ఎంబీ అంటే ఎనిమిదో వంతు, ఎక్కువే. 192కి తగ్గించి, సి అక్షరంతో పడగొట్టి చూశాను. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ విప్పుకుంది, కార్డు డ్రైవర్ లేచి ఐఆర్‌క్యూ 19ని నెమ్మదింపజేసింది, డంప్ మొత్తం రాసి యంత్రం తనంతట తాను రీబూట్ అయ్యింది. వాచ్‌డాగ్‌ను తిరిగి పెట్టాలంటే దాని డ్రైవర్‌ను కూడా డంప్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో చేర్చి, డంప్ రాస్తున్నంతసేపూ దాన్ని తట్టే ఏర్పాటు చేయాలి. వచ్చే శనివారం ఆ పని పెట్టుకున్నాను. కెర్నెల్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ డంప్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ మళ్ళీ కట్టి, ఇదే పరీక్ష మళ్ళీ చేయాలని క్యాబినెట్ లోపలి మూత మీద కాగితం అంటించాను, కింద సీరియల్ పోర్టు వేగం కూడా రాసి.